ఇంట్లోనే వీడియో గేమ్ థీమ్ పుట్టినరోజు: 14 మంది పిల్లలు, రెండే కంట్రోలర్లు, ఎలా?

ఎంవీపీ_అమ్మ:
అందరికీ నమస్కారం. మా వాడికి అక్టోబర్ నెలాఖరుకి తొమ్మిదేళ్ళు నిండుతాయి. పార్టీ వీడియో గేమ్ థీమ్‌లోనే కావాలని ఎప్పటి నుంచో ఒకటే గోల. మొదట ఏదైనా పార్కులో చేద్దామనుకున్నాం గానీ ఆ రోజుల్లో వైజాగ్ సంగతి మీకు తెలిసిందేగా, పొద్దున ఫెళ్ళున ఎండ కాస్తుంది, సాయంత్రానికి బంగాళాఖాతంలో అల్పపీడనం అంటారు. అందుకే ఇంట్లోనే. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, హాలు మరీ పెద్దదేం కాదు. మా వాడితో కలిపి 14 మంది పిల్లలు, ఆరేళ్ళ వాళ్ళ నుంచి పదకొండేళ్ళ వాళ్ళ దాకా ఉన్నారు. టీవీకి పెట్టి ఆడే పీఎస్4 గేమ్ మెషీన్ ఉంది, కంట్రోలర్లు రెండే. ఇద్దరు ఆడుతుంటే మిగతా పన్నెండు మంది ఏం చేస్తారన్నదే నా టెన్షన్. పైగా అత్తయ్యగారు, మామయ్యగారు ఇంట్లోనే ఉంటారు, కింద ఫ్లాట్‌లో చంటిబిడ్డ ఉంది. బడ్జెట్ కేకుతో కలిపి పన్నెండు వేలు, తప్పదంటే పదిహేను. వాడికి మైన్‌క్రాఫ్ట్ కావాలి, మారియో కావాలి, పాక్‌మ్యాన్ కూడా కావాలట (ఇది వాళ్ళ నాన్న ఎక్కించిన పిచ్చి). ఇలాంటి పార్టీ చేసినవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

మధురవాడ_డాడీ:
ముందు కంట్రోలర్ల సంగతి చెప్తాను. పీఎస్4కి ఒకేసారి నాలుగు కంట్రోలర్లు కలుస్తాయి. కొత్తవి కొనకండి, ఆ డబ్బుతో కేకు వచ్చేస్తుంది. వచ్చే పిల్లల్లో ఎవరి ఇంట్లోనైనా పీఎస్4 ఉంటే వాళ్ళ కంట్రోలర్ రెండు రోజులు అరువు అడగండి. పార్టీ మొదలయ్యాక కేబుల్ కోసం వెతుక్కోకుండా ముందు రోజే కేబుల్ పెట్టి మీ మెషీన్‌కి జతచేసి, ఫుల్ ఛార్జింగ్ చేసి ఉంచుకోండి. ఇంకో ముఖ్యమైన పని అప్‌డేట్లు. కొన్ని గేములు ఆన్ చేయగానే బోలెడు జీబీలు డౌన్‌లోడ్ అడుగుతాయి, పద్నాలుగు మంది పిల్లల ముందు ఆ నీలం గీత మెల్లగా కదులుతుంటే మీ బీపీ దానికంటే స్పీడుగా పెరుగుతుంది.

గేమ్ ఎంచుకునేటప్పుడు మీ వాడికి బాగా వచ్చింది పెట్టకండి. వాడే గెలుస్తాడు, వాడే కూర్చుంటాడు, మిగతావాళ్ళు అలుగుతారు. నలుగురూ కలిసి ఒకే జట్టుగా ఆడేవి బెటర్. ఓవర్‌కుక్డ్ అని వంటగది గేమ్ ఉంది, నలుగురు వంటవాళ్ళు కలిసి కూరలు తరిగి, వండి, ప్లేట్లు కడిగి ఆర్డర్లు పంపాలి. ఆడేవాళ్ళ కంటే చూసేవాళ్ళే ఎక్కువ అరుస్తారు, అందువల్ల చూసేవాళ్ళకీ బోరు కొట్టదు. కార్ రేసు పెడితే మాత్రం ఒక్క రేసు అవగానే గెలిచినా ఓడినా అందరూ లేవాల్సిందే. "గెలిచినోడు ఉండాలి" అన్న రూల్ పెట్టారంటే ఇద్దరే పిల్లలు సాయంత్రమంతా ఆడతారు.

గాజువాక_రాధ:
అక్కా, టీవీని పార్టీ మధ్యలో పెట్టకండి. టీవీ ఒక స్టాపు, అంతే. గేమ్‌ని తెర మీద నుంచి ఇంట్లోకి దింపాలి. మా గుంటడి పుట్టినరోజుకి ఇలాగే చేశాం, వచ్చినవాళ్ళలో సగం మంది టీవీ వైపు పెద్దగా చూడనేలేదు.

పిల్లలందరికీ ఒక్కో అట్ట కార్డు ఇవ్వండి, దాని మీద మూడు గుండె బొమ్మలు గీయండి, అవి లైఫులు. ఇల్లంతా లెవెల్స్. ఒక్కో లెవెల్ దాటితే కార్డు మీద స్టాంపు పడుతుంది, ఓడితే ఒక గుండె కొట్టేస్తారు. మూడూ పోతే ఔట్ కాదు, మామయ్యగారి దగ్గరికి వెళ్ళి ఒక పొడుపు కథ విప్పితే కొత్త లైఫ్ వస్తుంది. ఇది చాలా ముఖ్యం. పెద్దవాళ్ళకి కుర్చీలో కూర్చుని చేసే పని దొరుకుతుంది, ఓడిన పిల్లలకి ఏడవడానికి టైముండదు. నలుగురైదుగురు చొప్పున మూడు జట్లు చేసి తలో గదికి పంపితే టీవీ దగ్గర ఎప్పుడూ నలుగురైదుగురే ఉంటారు. మీ రెండు కంట్రోలర్ల సమస్య అక్కడికే తీరిపోయింది.

మారియో లెవెల్‌కి చిన్న అట్టపెట్టెలకి పసుపు కాగితం అంటించి మీద ప్రశ్నార్థకం రాయండి, అడుగున టిష్యూ పేపర్ అంటించి లోపల బంగారు రేకు చుట్టిన చాక్లెట్ నాణేలు వేసి ద్వారబంధానికి దారంతో వేలాడదీయండి. పిల్ల ఎగిరి కింది నుంచి గుద్దితే కాగితం చిరిగి నాణెం పడుతుంది. ఆరేళ్ళ వాళ్ళకి ఒకటి కిందికి కట్టండి, లేకపోతే గొడవ.

పాక్‌మ్యాన్‌కి హాల్లో సోఫాలు గోడకి జరిపేసి నేల మీద టేపుతో గళ్ళు గళ్ళుగా దారులు వేయండి. దారి మీదే నడవాలి, గీత దాటకూడదు, పరిగెత్తకూడదు. ఒకరు పాక్‌మ్యాన్, వాణ్ణి పట్టుకోవడానికి నలుగురు దెయ్యాలు, గేమ్‌లో ఉన్న రంగులే: ఎరుపు, గులాబీ, లేత నీలం, నారింజ. మీ బీరువాలోని చున్నీలు చాలు. మూలల్లో నాలుగు పెద్ద లడ్డూలంత బంతులు పెట్టండి, పాక్‌మ్యాన్ బంతి తీసుకున్నాడంటే పది లెక్కపెట్టే దాకా దెయ్యాలే పారిపోవాలి. మనం చిన్నప్పుడు ఆడిన నేల-బండకి కాస్త ముస్తాబు చేసినట్టే, కాకపోతే "నేల-బండ ఆడదాం రండి" అంటే ఈ కాలం పిల్లలు రారు, పాక్‌మ్యాన్ అంటే వస్తారు.

నడకే కాబట్టి కింద చంటిబిడ్డకి ఇబ్బంది ఉండదు. మారియో ఎగురుళ్ళు మాత్రం చాప మీద పెట్టించండి.

లెక్కల_మాస్టారు_సీతమ్మధార:
టెట్రిస్‌ని వదిలేశారేంటండీ, అన్నిటికంటే చవకైనది అదే. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారు చేసిన ఆట, ముక్కలు ఏడే రకాలు, ఒక్కో ముక్కలో నాలుగు గళ్ళు. ఫ్రిజ్ అట్టపెట్టె దొరికితే కోసి రంగులు వేయడమే. రెండు జట్లకి రెండు సెట్లు ఇచ్చి ఎవరు ముందు చట్రంలో సందు లేకుండా పేరుస్తారో చూడండి.

ఒక హెచ్చరిక. ఏడు రకాలూ ఒక్కొక్కటి కోసి, మొత్తం 28 గళ్ళు కదా అని 4×7 చట్రంలో సర్దమంటే ఎన్ని గంటలు తిప్పినా పట్టవు. చట్రానికి చదరంగం బల్లలా నలుపు తెలుపు వేసి చూడండి, 14 నల్లవి, 14 తెల్లవి వస్తాయి. ఆరు రకాల ముక్కలు ఎక్కడ పెట్టినా రెండు నల్లవి, రెండు తెల్లవి కప్పుతాయి. ఇంగ్లీషు T అక్షరం ఆకారం ముక్క ఒక్కటే మూడు ఒక రంగువి, ఒకటి ఇంకో రంగుది కప్పుతుంది. ఇక లెక్క ఎక్కడ కుదురుతుంది? కాబట్టి ముందు చట్రం గీసి, దాన్నే ముక్కలుగా కోయండి, అప్పుడు ఖాయంగా పడతాయి. పదకొండేళ్ళ వాళ్ళు మరీ గొప్పలు పోతుంటే మాత్రం ఆ 4×7 సెట్ ఇచ్చి కాసేపు కూర్చోబెట్టండి :)

కేకు కూడా ఇదే లెక్క. మైన్‌క్రాఫ్ట్‌లో క్రీపర్ అనే ఆకుపచ్చ జీవి ముఖం 8×8 గళ్ళు. చదరపు కేకు మీద ఆకుపచ్చ క్రీమ్ పూయించండి. పై రెండు వరుసలు ఖాళీ. మూడు, నాలుగు వరుసల్లో కళ్ళు, ఒక్కోటి రెండు గళ్ళ వెడల్పు, రెండు గళ్ళ ఎత్తు, రెండు పక్కలా అంచుకి ఒక్కో గడి వదిలి. ఐదో వరుసలో మధ్య రెండు గళ్ళు, ఆరు, ఏడు వరుసల్లో మధ్య నాలుగేసి, ఎనిమిదో వరుసలో ఆ నాలుగింటి చివర్లవి రెండే. మొత్తం 20 నల్ల గళ్ళు. డార్క్ చాక్లెట్ బిళ్ళలు ఆ కొలతకి కోసి అతికిస్తే సరి, బేకరీ వాడు థీమ్ కేకని అదనంగా వేసే రేటు మిగులుతుంది.

బేకింగ్_పిచ్చి:
మాస్టారి కేకుకి ఓటు. ఒక్కటి కలుపుతాను, బేకరీలో ఫాండెంట్ (కేకు మీద పరిచే చక్కెర ముద్ద పూత) వేస్తామంటే వద్దనండి. మన సముద్రపు తేమకి అది చెమట పట్టి జిగురైపోతుంది, ఫ్రిజ్‌లోంచి తీస్తే ఇంకా ఘోరం, రంగు చేతులకి అంటుకుంటుంది. బటర్ క్రీమ్ చాలు.

తిండికి పిజ్జాలు ఆర్డర్ చేస్తే 14 మందికి బడ్జెట్‌లో పెద్ద ముక్క పోతుంది. పునుగులకి "ఫైర్ బాల్స్" అని చీటీ పెట్టండి, ఎగబడి తింటారు. బటన్ ఇడ్లీలు ప్లేటులో వరుసగా పేర్చి చివర ఒక అప్పడాన్ని నోరు తెరిచినట్టు ముక్క విరిచి పెడితే పాక్‌మ్యాన్ రెడీ. బీచ్‌లో దొరికే మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) ఇంట్లోనే పచ్చిమిర్చి లేకుండా కలిపి కాగితం పొట్లాల్లో ఇవ్వొచ్చు. కంట్రోలర్ పట్టుకునే జట్టుకి మాత్రం ఆట అయ్యాకే తిండి, నూనె చేతులతో బటన్లు ముట్టుకుంటే అరువు తెచ్చిన కంట్రోలర్ తిరిగివ్వడానికి మొహం చెల్లదు.

వైజాగ్_బ్యాచిలర్:
ఇంత అవసరమా అండీ? ఏదైనా మాల్‌లో గేమ్ జోన్‌కి తీసుకెళ్ళి తలా ఒక కార్డు ఇచ్చేస్తే రెండు గంటల్లో పని అయిపోతుంది. ఇల్లు పాడవదు.

గాజువాక_రాధ:
తమ్ముడూ, పద్నాలుగు మంది పిల్లల్ని మాల్‌లో ఒక్క గంట కాపలా కాసి రా, అప్పుడు మాట్లాడదాం. కార్డులో డబ్బు ఎంత వేసినా చాలదు, ఆరేళ్ళ వాడు ఒక మూల, పదకొండేళ్ళ వాడు ఇంకో మూల. పైగా పుట్టినరోజు పిల్లాడు ఎవరో కూడా తెలీదు ఆ రొదలో.

రాత్రి_షిఫ్ట్:
ఎవరూ చెప్పనివి రెండు మూడు. ఒకటి, కరెంటు. వర్షం పడితే పోయే అవకాశం ఉంది. ఇన్వర్టర్ ఉంటే దాని మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి, మామూలు మోడ్‌లో కరెంటు పోయినప్పుడు మారడానికి కాస్త టైం పడుతుంది, ఆ లోపే పీఎస్4 ఆఫ్ అయ్యి ఆట మొదటికొస్తుంది. ఏసీ ఎలాగూ నడవదు, కిటికీలు తెరిచేలా ఉంచుకోండి.

రెండు, డిస్కో లైట్లు పెట్టాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. టపటపా వెలిగి ఆరే లైట్లు, మెరుపుల గేములు కొంతమంది పిల్లలకి ఫిట్స్ తెప్పిస్తాయి. పిలిచేటప్పుడే తల్లిదండ్రుల్ని ఒక మాట అడగండి, అలాగే పల్లీల అలర్జీ గురించి కూడా. లైటింగ్ కావాలంటే సీరియల్ సెట్ నిలకడగా వెలిగేలా పెట్టుకోండి.

మూడు, వచ్చే పిల్లల్లో ఎవడో ఒకడు ఫోన్ తెచ్చి మూల కూర్చుని బీజీఎంఐ అనే తుపాకుల గేమ్ మొదలుపెడతాడు, చుట్టూ ఐదుగురు మూగుతారు, మీ లెవెల్స్ అన్నీ ఖాళీ. గుమ్మం దగ్గర బుట్ట పెట్టి "ఇన్వెంటరీ" (గేముల్లో సామాన్లు దాచే సంచి) అని రాయండి, ఫోన్లు అందులోకే. గేమ్ సీడీ పెట్టే ముందు కవర్ మీద వయసు అంకె చూడండి, 18 అని ఉంటే అది మీ వారి కోసం, పిల్లల కోసం కాదు.

ఎంవీపీ_అమ్మ:
అబ్బా, ఇన్ని వస్తాయనుకోలేదు. అందరికీ థాంక్స్. రాధా, పొడుపు కథల మాట చెప్పగానే మామయ్యగారు అప్పుడే నోట్‌బుక్ తీశారు, ఇప్పుడు ఆయన్ని ఆపడమే కష్టం. టైము నాలుగున్నర నుంచి ఏడు వరకు అనుకుంటున్నాం, కింద ఫ్లాట్ వాళ్ళకి ముందే చెప్పి కేకు పంపిస్తాను. రిటర్న్ గిఫ్ట్ ఏమివ్వాలో తేలలేదు, ప్లాస్టిక్ కీచైన్లు నాకిష్టం లేదు. ఇంకోటి, టేపు తీస్తే టైల్స్ మీద జిగురు ఉండిపోదా?

లెక్కల_మాస్టారు_సీతమ్మధార:
గిఫ్ట్‌కి ఏటికొప్పాక బొంగరాలు ఇవ్వండి. అంకుడు కర్ర, లక్క రంగులు, చిన్నవి తక్కువ ధరకే వస్తాయి, లేపాక్షి షోరూమ్‌లో అడగండి. చీటీ మీద "బోనస్ లెవెల్" అని రాయండి. బొంగరం ఎవరిది ఎక్కువసేపు తిరుగుతుందో పందెం పెడితే తల్లిదండ్రులు వచ్చేదాకా పిల్లలు సోఫాలు ఎక్కకుండా ఉంటారు.

గాజువాక_రాధ:
ఇంట్లో ఉండే సెల్లోటేపు, గోధుమరంగు ప్యాకింగ్ టేపు వాడొద్దు అక్కా, అవి జిగురు వదులుతాయి. పెయింటింగ్ వాళ్ళు వాడే మాస్కింగ్ టేపు ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. పార్టీ రోజు పొద్దునే అంటించి ఆ రాత్రే తీసేయండి, ఎక్కడైనా కాస్త మిగిలితే కొబ్బరినూనె రాసి పది నిమిషాలాగి గుడ్డతో తుడిస్తే పోతుంది. తర్వాత సబ్బు నీళ్ళతో తుడవండి, లేకపోతే నూనె మీద మామయ్యగారు జారతారు.