ఎంజీఏ: చిట్లిన అసలు ఇంజనా, నలభై ఏళ్లు నడిపిన అంబాసిడర్ ఇంజనా?

మారేడ్‌పల్లి_57:
మా నాన్నగారి కారు ఎంజీఏ 1500, ఇంగ్లిష్ స్పోర్ట్స్ కారు, 1957 మోడల్. రెండే సీట్లు, టాప్ తెరుచుకుంటుంది. 1981 మే నెలలో విజయవాడ నుంచి వస్తుంటే సూర్యాపేట దాటాక రేడియేటర్ హోస్ పగిలింది. ఇంజన్ సలసల కాగుతుంటే ఎవరో సాయం చేద్దామని బిందెడు చల్లటి నీళ్లు తెచ్చి పోశారు. ఇంజన్ బ్లాక్ (సిలిండర్లుండే ఇనుప దిమ్మ) చిట్లింది. అప్పట్లో బయటి నుంచి బ్లాక్ తెప్పించుకోవడం మా వల్ల అయ్యే పని కాదు కాబట్టి అంబాసిడర్ ఇంజన్ వేయించి, ఆర్‌సీలో ఆ నంబరే ఎక్కించారు. అసలు బ్లాక్ ఇంటి వెనక రేకుల షెడ్డులో గోనెసంచుల కింద ఉంది. దాని మీద 15జీబీతో మొదలయ్యే నంబరు పలక కూడా అలాగే ఉంది. మెకానిక్ పగులుకి స్టిచింగ్ (పిన్నులతో కుట్టడం) చేయించి మళ్లీ ఎక్కించవచ్చు అంటున్నాడు. ఖర్చు గట్టిగానే అవుతుంది. ఏం చేయమంటారు?

నంబర్‌ప్లేట్:
పెట్టించండి. ఇందులో అడగడానికేముంది? ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1955 నుంచి 1962 దాకా అన్ని రకాలూ కలిపి లక్షా వెయ్యి పైచిలుకు ఎంజీఏలు చేశారు. ఎక్కువ భాగం అమెరికా వెళ్లిపోయాయి. మన దగ్గర ఉన్నవి తక్కువ. దాని సొంత బ్లాక్ ఇంట్లో ఉండగా టాక్సీ ఇంజన్‌తో తిప్పడం ఏమిటి?

రాణిగంజ్_లేత్:
టాక్సీ ఇంజన్ అంటే ఏంటి సార్? అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ కూడా బీఎంసీ అనే బ్రిటిష్ కంపెనీ బి సిరీస్ ఇంజనే. ఎంజీఏ 1500లో ఉన్నదీ అదే 1489. బోరు (సిలిండర్ వెడల్పు) ఒకటే, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఒకటే. వాళ్ల నాన్నగారు ట్రాక్టర్ ఇంజన్ ఏమీ పెట్టలేదు.

నంబర్‌ప్లేట్:
బోరు ఒకటైతే ఇంజన్ ఒకటైపోతుందా? ఎంజీఏకి ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు రెండు, కంప్రెషన్ 8.3, పవర్ 68 హార్స్‌పవర్, తర్వాత 72. అంబాసిడర్‌కి ఒక్కటే కార్బురేటర్, కంప్రెషన్ తక్కువ, వాల్వులు తెరిచే క్యామ్ వేరు. ఇద్దరూ ఒక తల్లి పిల్లలే అని తమ్ముడి హాల్‌టికెట్‌తో అన్న పరీక్ష రాస్తాడా?

కాచిగూడ_క్లచ్:
ఏ ఇంజన్ అయినా ముందు పెట్రోల్ పైపులు మార్చండి భయ్యా. ఇ20 (ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చాక నా పాత బండిలో రబ్బరు బంకలా అయిపోయింది.

నంబర్‌ప్లేట్:
ఇంకో సంగతి. 2021 జులైలో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్స్ తెచ్చింది. 50 ఏళ్లు దాటిన బండికి వీఏ సిరీస్ నంబరు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20 వేలు. కానీ బండి అసలు రూపంలో ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజన్ మార్చకూడదు. అంబాసిడర్ ఇంజన్‌తో వెళితే ఏమంటారో ఆలోచించుకోండి.

రాణిగంజ్_లేత్:
ఆర్‌సీలో 1981 నుంచి ఉన్నది అంబాసిడర్ నంబరే కదా. ఇప్పుడు పాత బ్లాక్ పెడితే ఆర్‌సీకీ ఇంజన్‌కీ పొంతన ఉండదు. ఆఫీసులో వాళ్లకి అబింగ్డన్ ఎక్కడుందో తెలియదు, ఎదురుగా ఉన్న కాగితమే తెలుసు.

నంబర్‌ప్లేట్:
దాన్ని సరిదిద్దించుకోవచ్చు.

రాణిగంజ్_లేత్:
ఎప్పుడైనా సరిదిద్దించారా మీరు?

నంబర్‌ప్లేట్:
అది వేరే విషయం.

రాణిగంజ్_లేత్:
ఆ నంబరు పలక రెండు రివెట్లతో బిగించిన రేకు ముక్క సార్. రివెట్లు కోసేస్తే ఏ బ్లాక్‌కైనా ఎక్కుతుంది. దానికి ఇంత పూజా?

నంబర్‌ప్లేట్:
ఆ సంగతి నాకు చెప్పకండి. 2016లో బొంబాయి వెళ్లి ఒక పాత ఇంగ్లిష్ కారు కొన్నాను. 'అంతా ఒరిజినల్, నంబర్లు మ్యాచింగ్' అన్నారు. పీఎఫ్ డబ్బులు పెట్టాను. ఇంటికొచ్చాక పలక కింద గోకి చూస్తే బ్లాక్ ఇంకో బండిది. పలకేమో కొత్తగా కొట్టించింది. కార్బురేటర్ల లోపల ఏవో ముక్కలు, స్టీరింగ్‌లో ఏదో జీపు బుష్. ఎవడో ఎక్కడో జుగాడ్ చేసి పారేసిన బండిని నాకు అంటగట్టారు. అందుకే చెబుతున్నా, ఈ లోకల్ అతుకులన్నీ పీకేస్తే తప్ప అది కారు కాదు.

తార్నాక_టైర్:
ఎంజీఏకి పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి), సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు. ఆ సంగతి తెలియక మా బాబాయి ఫోన్ చార్జర్ బిగించుకున్నాడు. చార్జర్ మాడిపోయింది. ఈ గొడవతో సంబంధం లేదు, ఊరికే చెప్పా.

రాణిగంజ్_లేత్:
అతుకులా? సార్, మా నాన్న రాణిగంజ్‌లో ముప్పై ఏళ్లు లేత్ మీద నిలబడ్డాడు. ఎస్‌యూ కార్బురేటర్‌లో థ్రాటిల్ స్పిండిల్ (గాలి తలుపు తిరిగే ఇరుసు) అరిగితే పక్కల నుంచి గాలి పీలుస్తుంది, ఐడ్లింగ్‌లో ఇంజన్ ఊగిపోతుంది. కొత్తది తెప్పించాలంటే దిగుమతి లైసెన్సు కావాలి, మనలాంటి వాళ్లకి ఎవరిస్తారు? నాన్న కార్బురేటర్ బాడీలో రంధ్రాన్ని రీమర్‌తో పెద్దది చేసి, లేత్ మీద గన్‌మెటల్ బుష్ (కంచు గొట్టం) తిప్పి కూర్చోబెట్టేవాడు. స్పిండిల్‌ని వేలితో ఆడించి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. కొంచెం టక్ అన్నా బుష్ తీసి మళ్లీ చేసేవాడు. బంగళాల వాళ్ల కార్లు అలా నడిచాయి. పోయిన ఏడాది ఒకాయన అలాంటి కార్బురేటర్లు రెండు తెచ్చి, ఇంగ్లండ్ నుంచి కొత్తవి వచ్చాయి, వీటిని తూకానికి వేసేయ్ అన్నాడు. బుష్ చూడగానే గుర్తుపట్టాను, మా నాన్న అంచు కొట్టే తీరు నాకు తెలుసు. మీరు 'జుగాడ్ చేసి పారేసిన' అన్నప్పుడు నాకు ఎలా ఉంటుందో ఆలోచించండి.

కాచిగూడ_క్లచ్:
👍

నంబర్‌ప్లేట్:
మీ నాన్నగారిని నేను ఏమీ అనలేదు. చేసిన పని దాచిపెట్టి నాకు అమ్మినవాణ్ని అన్నాను. బుష్ వేశాం అని ఒక్క కాగితం ముక్క రాసి ఇచ్చి ఉంటే ఆ ధరకే కొనేవాణ్నేమో.

రాణిగంజ్_లేత్:
రాసి ఇస్తే ఎవరూ కొనరు సార్. మీరు కూడా పై పోస్టులో 'పీకేస్తే తప్ప అది కారు కాదు' అన్నారు. అందుకే దాస్తారు.

నంబర్‌ప్లేట్:
అది కోపంలో రాశాను. అయినా మారేడ్‌పల్లి గారూ, మీరు సమాధానం చెప్పకుండా చూస్తున్నారు. ఇంతకీ కారు నడపడానికా, అమ్మడానికా?

మారేడ్‌పల్లి_57:
నిజం చెప్పాలంటే అన్నయ్య అమ్మేద్దాం అంటున్నాడు. ఢిల్లీలో ఒకాయన అసలు ఇంజన్ ఉంటేనే మాట్లాడతా అన్నాడట. నాకు అమ్మడం ఇష్టం లేదు. నాన్న నన్ను స్కూల్లో దింపింది ఈ అంబాసిడర్ ఇంజన్‌తోనే. అసలు ఇంజన్ చప్పుడు నాకు గుర్తు కూడా లేదు, అప్పటికి నాకు రెండేళ్లు.

తార్నాక_టైర్:
ఇది మొదటి పోస్టులోనే రాస్తే సరిపోయేది కదా అన్నా 😀

నంబర్‌ప్లేట్:
అలాగైతే అంబాసిడర్ ఇంజన్ అలాగే ఉంచండి. కానీ బ్లాక్ మాత్రం తుప్పు పట్టనివ్వకండి. నూనె పూసి పెట్టండి. పలక ఊడదీసి ఎవరికీ ఇవ్వకండి, ఫోటో కూడా పెట్టకండి.

రాణిగంజ్_లేత్:
ఒక పని చేయండి. పగులు ఎక్కడుందో చూడండి. బయటి గోడకి, అంటే నీళ్ల జాకెట్ దగ్గర అయితే పిన్నులు వేసి కుట్టవచ్చు, వెల్డింగ్ జోలికి పోకండి. బోర్ దాకా పోతే స్లీవ్ (సిలిండర్ లోపల కొత్త గొట్టం) వేయాలి, లెక్క మారిపోతుంది. కిరోసిన్‌తో తుడిచి, పైన సుద్దపొడి చల్లితే పగులు గీత తేలుతుంది. పలక అవసరం లేదు, ఆ గీత ఫోటో ఒక్కటి పెట్టండి. పెట్టించడమా మానడమా మీ ఇష్టం.

మారేడ్‌పల్లి_57:
ఆదివారం చూస్తాను. షెడ్డు తాళంచెవి అన్నయ్య దగ్గరుంది. ఎందుకని అడుగుతాడు.