గోల్డ్‌ఫిష్ అక్వేరియానికి ఏ కానిస్టర్ ఫిల్టర్ కొనాలి?

ప్రశ్న (గోదావరిగట్టు, రాజమహేంద్రవరం):

అందరికీ నమస్కారం. నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న మా అక్వేరియంలో ఆరు ఒరాండా గోల్డ్‌ఫిష్‌లు ఉన్నాయి. అవి పెద్దవయ్యాక పాత టాప్ ఫిల్టర్ నీటిని తేటగా ఉంచలేకపోతోంది కనుక కానిస్టర్ ఫిల్టర్ (తొట్టి బయట పెట్టే, మూసిన డబ్బా లాంటి ఫిల్టర్) కొనాలనుకుంటున్నాను. సన్‌సన్ 303బి గంటకు 1400 లీటర్లు తోడుతుందనీ, ఈహైమ్ క్లాసిక్ 350 అయితే 620 లీటర్లే తోడుతుందనీ డబ్బాల మీద ఉంది. అయినా రెండోదాని ధరే ఎక్కువ. అలాంటప్పుడు మొదటిదే మేలు కదా? అమెరికాలో ఉంటున్న మా అన్నయ్య అక్కడి నుంచి ఫ్లూవల్ కంపెనీ ఫిల్టర్ తెస్తానంటున్నారు, అది ఇక్కడ పనికొస్తుందా? వేసవిలో మాకు రెండు మూడు గంటలు కరెంటు పోతుందని కూడా దృష్టిలో ఉంచుకుని చెప్పగలరు.

జవాబు (నీటిమొక్క, హైదరాబాద్):

మీరు చెప్పిన కొలతలకు తొట్టిలో 255 లీటర్లు పడతాయి. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే 220 లీటర్లు మిగులుతాయి. డబ్బా మీది అంకె సాధారణంగా లోపల మీడియా (నీటిని శుభ్రం చేసేందుకు నింపే పదార్థాలు) లేకుండా, నీటిని పైకి ఎత్తే పని లేకుండా కొలిచినది. స్పాంజి, సిరామిక్ రింగులు నింపి, తొట్టి కింది అరలో పెట్టి, కొన్ని వారాలు మురికి పట్టనిచ్చాక అది ఎంతో తగ్గిపోతుంది. అందువల్ల ఆ అంకె ఒక్కటే చూసి కొనవద్దని నా మనవి.

చేపలు మొప్పల ద్వారా వదిలే అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని చేయని నైట్రేట్‌గా మార్చేది మీడియా మీద పెరిగే బాక్టీరియా. మోటారు చేసే పని ఆ బాక్టీరియా దగ్గరికి నీటిని చేర్చడం వరకే. కాబట్టి దుకాణంలో మొదట అడగవలసింది లోపల ఎన్ని లీటర్ల మీడియా పడుతుందన్నది. గోల్డ్‌ఫిష్ బాగా తిని బాగా విసర్జించే చేప కనుక, మీ తొట్టికి గంటకు 620 లీటర్లు తక్కువేనని నా అభిప్రాయం. ఈహైమ్ కంపెనీలోనే 1000 లీటర్లు తోడే క్లాసిక్ 600 మీకు సరిపోతుంది. అది 20 వాట్లదే కనుక నెలకు 14 యూనిట్లు ఖర్చవుతుంది. 35 వాట్ల 303బి 25 యూనిట్లు తీసుకుంటుంది. అంత ధర పెట్టలేకపోతే 303బి నిస్సంకోచంగా తీసుకోండి. ఒరాండాలు వేగంగా ఈదలేవు కనుక, నీరు తిరిగి వచ్చే గొట్టాన్ని అద్దం వైపు తిప్పి ప్రవాహం జోరు తగ్గించాలి. దానిలోని యూవీ దీపం నీరు పచ్చబడినప్పుడు వెలిగిస్తే చాలు.

జవాబు (మోటారుమిత్ర, విశాఖపట్నం):

అమెరికా ఫిల్టర్ మాత్రం తెప్పించుకోవద్దండి. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నేరుగా పెడితే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా, ఈ మోటార్ల వేగం హెర్ట్జ్‌ను అనుసరించే ఉంటుంది కనుక ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. పైగా ఇంపెల్లర్ (నీటిని తోసే చక్రం), మూత రబ్బరు రింగు వంటివి పాడైతే ఇక్కడ సరిపడేవి వెతుక్కోవాలి. స్పేర్లు దొరుకుతాయా అన్నది ఇక్కడ కొనేటప్పుడూ అడిగి తెలుసుకోండి.

జవాబు (చేపలపందిరి, కాకినాడ):

కరెంటు సంగతి నేను చెబుతాను, ఎందుకంటే మన జిల్లాల్లో తుపాను వస్తే రోజంతా ఉండదు. కానిస్టర్ మూసిన డబ్బా కనుక, నీటి కదలిక ఆగగానే లోపలి బాక్టీరియా ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకుని, ఆ తర్వాత చావడం మొదలవుతుంది. రెండు మూడు గంటలకు సాధారణంగా ప్రమాదం ఉండదు. రాత్రంతా ఆగిపోతే మాత్రం, కరెంటు రాగానే దానంతట అది నడవకుండా ముందే ప్లగ్గు తీసి ఉంచండి. లోపలి నీటిని పారబోసి, మీడియాను తొట్టి నీటితోనే కడిగి, ఆ తర్వాతే నడపండి. లేకపోతే కుళ్లిన నీరంతా చేపల మీదికి వస్తుంది.

నీరు 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు, 32 డిగ్రీలకు అది 7.3కు పడిపోతుంది. మన ఎండల్లో ఏ ఫిల్టర్ కొన్నా పక్కన బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఉండి తీరాలి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. క్లాసిక్ 600 కోసం ఇంకొంత డబ్బు కూడబెడతాను. కొత్తది పెట్టిన రోజే పాత టాప్ ఫిల్టర్ తీసేయవచ్చా?

జవాబు (నీటిమొక్క, హైదరాబాద్):

తీయకండి. కనీసం నెలా నెలన్నర రెండూ కలిసి నడవాలి, ఆ రోజుల్లో మేత కొంచెం తగ్గించాలి. పాత స్పాంజిలో ఒక ముక్క కోసి కానిస్టర్‌లో వేస్తే బాక్టీరియా త్వరగా స్థిరపడుతుంది. మునిసిపల్ కుళాయి నీటిలో బాక్టీరియాను చంపే క్లోరిన్ ఉంటుంది కనుక ఆ స్పాంజిని దానితో కడగవద్దు.