తాండూరు బండల మీద 4 అడుగుల అక్వేరియం: ఒక కాలు గాలిలో ఉంటోంది

ప్రశ్న (నల్లగొండ)
కింది ఇల్లే, పాత తాండూరు బండలు. అక్వేరియం 4 అడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, 2 అడుగుల ఎత్తు. అద్దం 10 మి.మీ., అడుగున ఫ్రేమ్ లేదు. ఇనుప స్టాండుకు నాలుగు కాళ్ళు, ఒకటింపావు అంగుళం చదరపు పైపు. మోరీ దిక్కు వాలు ఉండడంతో ముందు ఎడమ కాలు కింద 7 మి.మీ. సందు వస్తోంది, చెయ్యేస్తే ఊగుతోంది. దుకాణంలో థర్మకోల్ రెండు వరుసలు వేస్తే చాలన్నారు. నిజమేనా? బండ పగలకుండా కింద ఏం వేయాలి? ఇల్లు రోజూ కడుగుతాం.

జవాబు
థర్మకోల్‌తో మట్టం కుదరదన్నా. స్టాండు పైన గరుకునూ, వెల్డింగ్ బొడిపెలనూ సర్దుకోవడానికే అది, 10–12 మి.మీ. షీటు ఒక్కటి చాలు.

అసలు భయం వాలుతో కాదు, మెలితో. నీళ్ళు నింపగానే గాలిలో ఉన్న కాలు బరువుకు కిందికి దిగుతది, పై చట్రం మెలి తిరుగుతది. అద్దం మెలి తిరగదు కదా, సిలికాన్ అతుకు విడుస్తది, లేదంటే అడుగు అద్దం చీలుతది. నాలుగు కాళ్ళూ ఆని, మొత్తం ఒక పక్కకు 2–3 మి.మీ. వాలినా అంత ప్రమాదం లేదు.

లెక్క చూడు: నీళ్ళు 310 లీటర్లు, అద్దం 65 కిలోలు, కంకర, స్టాండు కలిపి దగ్గర దగ్గర 450 కిలోలు. కాలుకు 110 పైనే. పైపు బోలుగా ఉంటది కాబట్టి బండకు తగిలేది అంచు మాత్రమే. ప్రతి కాలు కిందా 4×4 అంగుళాల, 6 మి.మీ. మందం ఇనుప ప్లేటు పెట్టాలె. కాలి కొసన 12 మి.మీ. నట్టు వెల్డింగ్ చేయించి, తల కిందికుండేట్టు బోల్టు బిగిస్తే స్పానర్‌తోనే మట్టం చేసుకోవచ్చు. ఖాళీ తొట్టి ఉన్నప్పుడే తిప్పాలె.

ఇంకో జవాబు
ప్లేటుకు ముందు బండ సంగతి చూడండి. కాళ్ళు వచ్చే నాలుగు చోట్లా రూపాయి బిళ్ళతో కొట్టండి. టంగుమంటే గట్టిది. డబడబమంటే కింద మాలు లేదు, డొల్ల. డొల్ల బండ మీద ఎంత ప్లేటేసినా నెర్రె పడుతుంది.

ప్రశ్న అడిగినవారు
ముందు ఎడమ కాలి దగ్గరే డొల్ల మోత వస్తోంది. రంధ్రం చేసి సిమెంటు పాలు పోయొచ్చా? కాళ్ళ కింద ప్లైవుడ్ వేయమని ఇంకొకరు అంటున్నారు.

ఇంకో జవాబు
పాలు పోస్తే ఎక్కడిదాకా పోయిందో తెలియదు. సందులు గ్రైండర్‌తో కోసి, ఆ ఒక్క బండను లేపించండి. పాత మాలు గీకి, నేల తడిపి, సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు పాళ్ళ మాలు పరిచి, బండ వెనక సిమెంటు పాలు పూసి రబ్బరు సుత్తితో కొట్టి కూర్చోబెట్టాలి. వారం రోజులు తడపాలి. రెండు వారాలు దాటాకే బరువు. ఈ పని తొందరపడితే మళ్ళీ మొదటికే.

ప్లైవుడ్ వద్దు, కడిగే నేల మీద ఉబ్బుతుంది, అప్పుడు మట్టం మళ్ళీ పోతుంది. రబ్బరు మ్యాట్ కూడా అడుగున తడి పట్టి మరక వేస్తుంది. ప్లేట్లకు రెడ్ ఆక్సైడ్ కొట్టించి, కింద గ్రానైటు ముక్కలు వేయండి, తుప్పు మరక బండకెక్కదు.

మొదటి జవాబు రాసినవారు
గ్రానైటు మాట బాగుంది. రసమట్టం స్టాండు మీద పొడవునా, అడ్డంగా, రెండు మూలల మధ్య ఐమూలగా కూడా పెట్టి చూడాలె, మెలి అక్కడే దొరుకుతది. తర్వాత తొట్టిలో రెండు వేళ్ళ నీళ్ళు పోసి నాలుగు మూలల్లో స్కేలు ముంచు. లోతు 3 మి.మీ.కు మించి తేడా వస్తే ఖాళీ చేసి సర్దు. పావు వంతు నింపి ఒక రాత్రి ఆగు, మళ్ళీ చూడు, అప్పుడు సగం, తర్వాత పూర్తిగా.

ఇంకొకటి, మన బోరు నీళ్ళు చిందితే తెల్లచారలు కడతయి. బాత్‌రూం యాసిడ్, నిమ్మరసం ఆ బండకు తగలనీయొద్దు. అది సున్నపు రాయి, నురగొచ్చి పాలిష్ పోతది. తడి గుడ్డతో అప్పటికప్పుడు తుడిచెయ్యి.

మరొకరు (మహబూబ్‌నగర్)
మా అక్వేరియం మేడ మీద. ఇదే పద్ధతా?

జవాబు
కాళ్ళ సంగతి ఇదే, స్లాబు సంగతి వేరు. ఇళ్ళ స్లాబులకు మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల లెక్క వేస్తారు. ఈ తొట్టి తన జాగాలో దానికి నాలుగింతలు మోపుతుంది. గది నడుమ వద్దు. గోడ వారగా, కింద బీము ఉన్న చోట పెట్టాలి. బీము ఎక్కడుందో తెలియకపోతే కట్టిన ఇంజనీరును అడిగాకే కొనండి.