ప్రొసెక్కో: ద్రాక్ష పేరా, ఊరి పేరా?

పాదువా ప్రసాద్
మెల్‌బోర్న్‌లో ఉన్న స్నేహితుడు మొన్నొక సీసా ఫోటో పంపాడు. పెద్ద అక్షరాల్లో ప్రొసెక్కో, అడుగున చిన్నగా కింగ్ వ్యాలీ, విక్టోరియా. చూడగానే ఒళ్ళు మండింది. తెలియనివాళ్ళ కోసం: ప్రొసెక్కో ఇటలీ ఈశాన్యంలో, వెనెతో, ఫ్రియూలీ ప్రాంతాల్లో చేసే బుడగల వైన్. 2009 దాకా దాని ద్రాక్షనీ ప్రొసెక్కో అనేవారు. ఆ ఏడాది ద్రాక్ష పేరు 'గ్లేరా' అని మార్చి, ప్రొసెక్కో అన్న మాటని తొమ్మిది జిల్లాలకి కట్టేశారు. ద్రాక్ష అక్కడే పండాలి, అందులో గ్లేరా కనీసం 85 శాతం ఉండాలి. ఇక ఆస్ట్రేలియా వాళ్ళు చేసేది పేరు దొంగతనం కాక ఏంటి?

కొబ్బరిచెట్టు
మాకు తాటికల్లు చాలు. ఏ చెట్టుదో గీసేవాడికి తెలిస్తే సరి.

మెల్‌బోర్న్ మూర్తి
దొంగతనమా? ప్రసాద్ గారూ, ఏది ముందో చూడండి. కింగ్ వ్యాలీలో ఆ మొక్కలు నాటింది 1999లో. నాటిన కుటుంబం పెద్దాయన మీ ప్రొసెక్కో కొండల్లోని వాల్దొబ్బియాదెనె నుంచే వలస వచ్చిన మనిషి. 2004లో వైన్ బయటికొచ్చింది. అప్పటికి మీ ఇటలీ కాగితాల్లోనే ద్రాక్ష పేరు ప్రొసెక్కో. పదేళ్ళ తర్వాత మీరు పేరు మార్చుకుని, ముందే నాటినవాణ్ణి దొంగ అంటారా? 2013లో యూరప్ వాళ్ళు ఇక్కడ ఆ పేరుకి రక్షణ అడిగితే, అది ద్రాక్ష పేరని మా వైన్ సంఘం వాదించి నెగ్గింది.

లెక్కల మాస్టారు
ఒక సందేహం. ప్రొసెక్కో అనే ఊరు త్రియెస్తే పక్కన, స్లొవేనియా సరిహద్దు దగ్గరుంది. ఈ వైన్‌కి పేరు తెచ్చిన వాల్దొబ్బియాదెనె ఎక్కడో త్రెవీజో జిల్లా కొండల్లో ఉంది. మధ్య దూరం వంద కిలోమీటర్ల పైమాటే. మరి ఊరి పేరంటే ఏ ఊరు?

పాదువా ప్రసాద్
అందుకే కదా మాస్టారూ తొమ్మిది జిల్లాలు. ఆ ఊరు కూడా లోపలికి వచ్చేలా గీశారు.

లెక్కల మాస్టారు
అంటే పేరు చూసుకుని గీత గీశారన్నమాట. సరే, రాసుకున్నాను.

సుధ_విజయవాడ
మధ్యలో వచ్చినందుకు సారీ అండీ. 'ఎక్స్‌ట్రా డ్రై' అని ఉంటే అస్సలు తీపి ఉండదనుకుని కొన్నాను. తియ్యగా ఉందేంటి?

లెక్కల మాస్టారు
అందరూ అక్కడే బోల్తా పడతారమ్మా. లీటరుకి 12 గ్రాముల లోపు చక్కెరుంటే బ్రూట్. 12 నుంచి 17 దాకా ఎక్స్‌ట్రా డ్రై. ఉత్త 'డ్రై' అంటే ఇంకా తీపి. ఈసారి బ్రూట్ తీసుకోండి.

పాదువా ప్రసాద్
గీతల సంగతి వదిలేయండి, పని చూడండి. మా ఆవిడది ఇక్కడే, ఇటలీ. మామగారికి వాల్దొబ్బియాదెనె దగ్గర కొండ మీద ఎకరం పైచిలుకు తోట. ట్రాక్టర్ ఎక్కదు. మట్టి జారకుండా రాతిగోడలు కూడా ఉండవు, గడ్డి గట్లే మెట్లుమెట్లుగా. వాటిని 'చిలియోని' అంటారు. ఏటా ఆ గడ్డి చేత్తో కొయ్యాలి, లేకపోతే గట్టు తెగుతుంది. పెళ్ళయిన ఏడు నేనూ కోతకి దిగాను. కాలు ఒక్క మెట్టు తప్పితే గంప సహా రెండు వరసల కింద తేలాను. మామగారు ముందు గంపలో కాయ చూసి, తర్వాత నా మోకాలు చూశారు! 2019లో యునెస్కో ఈ కొండల్ని వారసత్వ జాబితాలో చేర్చింది ఊరికే కాదు. బుడగ ఎక్కించడం ఎవడైనా చేస్తాడు, మూత బిగించిన స్టీలు ట్యాంకులో రెండోసారి పులియబెట్టడమే. ఆ పద్ధతికి మార్తినొత్తి అనే ఇటలీ ఆయన 1895లోనే పేటెంటు తీసుకున్నాడు. కొండని మాత్రం మీ విక్టోరియాకి పట్టుకెళ్ళలేరు.

మెల్‌బోర్న్ మూర్తి
మోకాలికి నా సానుభూతి. కానీ ఏటా అమ్ముడయ్యే డీఓసీ ప్రొసెక్కో, అంటే ఆ తొమ్మిది జిల్లాల మామూలు ముద్రది, 60 కోట్ల సీసాల పైనే. అదంతా మీ మామగారి కొండ మీదిదా? చాలామటుకు కింద మైదానంలో యంత్రాలు కోసింది. కొండ వైన్‌కి డీఓసీజీ అని ఇంకా పై ముద్ర వేరే ఉంది, ధరా వేరే. కొండ చూపించి మైదానం అమ్ముకుంటున్నది మీవాళ్ళే.

ఇంకోటి. ఫ్రియూలీ రైతులు తరాలుగా 'తొకాయ్' అని పిలుచుకున్న ద్రాక్ష ఉండేది. అది తమ ప్రాంతం పేరని హంగరీ పట్టుబడితే 2007 నుంచి దాన్ని 'ఫ్రియులానో' అని మార్చుకోవాల్సి వచ్చింది. అప్పుడు ఇటలీ ఏమని వాదించింది? "ఇది ద్రాక్ష పేరండీ" అని. ఇప్పుడు నేను అంటున్నదీ అదే.

పాదువా ప్రసాద్
దెబ్బ తిని నేర్చుకున్నారు. అయినా సింగపూర్ అప్పీలు కోర్టు 2023లో మావైపే తీర్పిచ్చింది. న్యూజిలాండ్ కూడా ఆ పేరు వదులుకోవడానికి ఒప్పుకుంది. ఇక మీ సంగతేంటి?

బనగానపల్లె బాషా
అన్నా, మాది బనగానపల్లె. మామిడితోట ఉంది మాకు. మా కాయకి 2017లో జీఐ వచ్చింది, అదే, ఊరి పేరుకి సర్కారు ఇచ్చే ముద్ర. మా ఊరి పేరు పెట్టుకున్న చెట్టు తమిళనాడులో ఉంది, తెలంగాణలో ఉంది, యాడ చూసినా ఉంది. ముద్ర వచ్చినాక మండీలో నాకు ఒక్క రూపాయి ఎక్కువియ్యలేదు. మా నాయన అంటు కట్టి అడిగినోనికల్లా ఇచ్చినాడు. ఇచ్చినాక పేరు ఇయ్యనంటే ఎట్లా?

పాదువా ప్రసాద్
బాషా భాయ్, ఇచ్చింది చెట్టు. పేరు కాదు.

బనగానపల్లె బాషా
చెట్టుకు వేరే పేరు ల్యాకపాయె అన్నా. ఏమని చెప్పి ఇయ్యాల?

మెల్‌బోర్న్ మూర్తి
అదీ మాట!

పాదువా ప్రసాద్
చప్పట్లు ఆపండి మూర్తి గారూ. అసలు మాట నేను చెప్తా. ఉన్న ఊళ్ళో చాకిరీ ఒకడిది. డాలర్ల కోసం వెళ్ళిపోయినవాడికి అక్కడి సుఖమూ కావాలి, ఇక్కడి పేరూ కావాలి. వెళ్ళినవాళ్ళు కొత్త పేరు పెట్టుకోవచ్చుగా?

కొబ్బరిచెట్టు
ఇద్దరూ విమానం ఎక్కినవాళ్ళే కదండీ?

మెల్‌బోర్న్ మూర్తి
ఈ మాట నేను ఇంతకుముందు విన్నాను. మా అన్నయ్య నోట. నాన్న పోయిన ఏడాదికి పొలం కాగితాల్లో నా పేరు లేదు. అడిగితే "నువ్వు ఇక్కడ ఉండవు కదరా, నీకెందుకు" అన్నాడు. ఇరవై రెండేళ్ళు అక్కడి బోరు బిల్లు నేను కట్టాను. పిల్లల పెళ్ళి శుభలేఖల్లో ఇంటిపేరు ముందు ఊరి పేరు వేయించాను. అది కూడా దొంగతనమేనా? వలస పోయినవాడు చేతిలో పట్టుకెళ్ళగలిగేది ఒక కొమ్మ, ఒక పేరు. అంతే. కొమ్మ ఉంచుకో, పేరు ఇచ్చెయ్ అంటున్నారు మీరు.

లెక్కల మాస్టారు
బోరు బిల్లులకి రసీదులున్నాయా? ఊరికే అడిగాను.

పాదువా ప్రసాద్
మూర్తి గారూ, అది నాకు తెలియదు. తెలిస్తే ఆ మాట ఆ తీరులో అనేవాణ్ణి కాదు. కానీ ఇటు సంగతీ వినండి. మా మామగారికి ఒక అన్నగారు. అరవైల్లో మీ ఆస్ట్రేలియాకే ఓడెక్కారు. తల్లి మంచాన పడ్డ పదకొండేళ్ళూ చూసింది మామగారు. గట్లు తెగిన ఏడు అప్పు చేసి కట్టించింది కూడా ఆయనే. అన్నగారు ఏ నాలుగేళ్ళకో వచ్చి, తోటంతా కలియదిరిగి, "మన తోట" అనేవారట. ఆ 'మన' దగ్గర మామగారి మొహం ఇప్పటికీ మారిపోతుంది. నేను గొడవ పడుతున్నది బహుశా ఆయన తరఫునే.

మెల్‌బోర్న్ మూర్తి
తోటలో అన్నగారికి వాటా ఇచ్చారా?

బనగానపల్లె బాషా
అడగాల్సింది అడిగినావన్నా.

పాదువా ప్రసాద్
లేదు. ఆయన అడగలేదు, ఈయన ఇవ్వలేదు. ఆయన బతికున్నన్నాళ్ళు మాత్రం ప్రతి క్రిస్మస్‌కీ మామగారు ఓ పెట్టె పంపేవారు. ఆరు సీసాలు. వాటి మీద ప్రొసెక్కో అనే ఉండేది.