బాల్డర్స్ గేట్ 3 తర్వాత 1998 నాటి మొదటి భాగం ఆడడం ఎలా?

ప్రశ్న:

2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ ఆట పూర్తి చేశాక, ఆ లోకం మీద కలిగిన ఇష్టం కొద్దీ 1998 నాటి మొదటి భాగాన్ని ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ (మెరుగుపరచిన కొత్త కూర్పు) రూపంలో కొని మొదలుపెట్టాను. మాంత్రికుడి పాత్రను ఎంచుకున్నాను. కాండిల్‌కీప్ కోట దాటిన తర్వాత అడవిలో ఒక తోడేలు ఎదురైతే చాలు, నా పాత్ర చనిపోతోంది. దాన్ని తప్పించుకుని ఫ్రెండ్లీ ఆర్మ్ సత్రం దాకా వెళితే మెట్ల మీద ఒక హంతకుడు కాచుకుని ఉన్నాడు. నా బృందంలోని వాళ్లు వేసే దెబ్బల్లో సగానికి పైగా గాలిలోనే పోతున్నాయి. కొత్త ఆటలో దెబ్బ తగిలే అవకాశం ఎంత శాతమో ముందే తెర మీద కనిపించేది. ఇక్కడ థాకో అనే అంకె ఒకటి ఉంది గానీ, అది పెరగడం మంచిదో తగ్గడం మంచిదో కూడా నాకు అర్థం కావడం లేదు. కథ మాత్రం నన్ను బాగా ఆకట్టుకుంటోంది. ఈ ఆటలు చిన్నప్పుడు ఆడినవాళ్లకే రుచిస్తాయా, లేక నేను నేర్చుకోవలసింది ఏదైనా మిగిలి ఉందా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:

నేర్చుకోవలసింది ఉందండీ, అదేమంత కష్టమైనదీ కాదు. ఆ రోజుల్లో ఆట నియమాల్లో సగం తెర మీద కాకుండా పెట్టెలో వచ్చే మాన్యువల్‌లో ఉండేవి, కొన్నవాళ్లు దాన్ని చదివిన తర్వాతే ఆడతారని తయారీదారులు నమ్మేవారు. ఇప్పుడు పీడీఎఫ్‌గా దొరికే ఆ పుస్తకాన్ని చదవకుండా ఆడితే ఆటలో సగాన్ని వదులుకున్నట్టే.

థాకో సంగతి చెబుతాను. బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ రెండవ ఎడిషన్ నియమాల నుంచి ఇది వచ్చింది. ఆర్మర్ క్లాస్ అంటే దెబ్బల నుంచి ఉన్న రక్షణను చూపే అంకె, థాకో అంటే ఆర్మర్ క్లాస్ 0 ఉన్న శత్రువుకు దెబ్బ తగలాలంటే పాచిక మీద పడవలసిన అంకె. ఇందులో ఈ రెండూ ఎంత తగ్గితే అంత మంచిది. కవచం లేని మనిషి ఆర్మర్ క్లాస్ 10, తోలు కవచం వేసుకుంటే 8, గొలుసు కవచంతో 5. థాకో 20 ఉన్న మొదటి లెవెల్ యోధుడు ఆర్మర్ క్లాస్ 5 ఉన్న శత్రువును కొట్టాలంటే, 20లో నుంచి 5 తీసేయగా మిగిలిన 15 గానీ అంతకంటే పెద్ద అంకె గానీ ఇరవై ముఖాల పాచిక మీద పడాలి. అంటే ఇరవైలో ఆరు అవకాశాలు, 30 శాతం. మీ వాళ్ల దెబ్బలు గాలిలో పోవడానికి కారణం ఇదే. సెట్టింగుల్లో ఫీడ్‌బ్యాక్ విభాగానికి వెళ్లి పాచిక ఫలితాలు చూపించమని ఎంచుకుంటే, ప్రతి దెబ్బ లెక్కా కింది పెట్టెలో అక్షరాలా కనిపిస్తుంది. ఒక గంట సేపు ఆ వరుసలను చదువుతూ ఆడితే కవచానికి, డాలుకు, చురుకుదనానికి ఉన్న విలువ దానంతటదే మనసుకు ఎక్కుతుంది.

ఇక మాంత్రికుడి విషయం. మొదటి లెవెల్‌లో అతనికి ఉండేవి నాలుగు హిట్ పాయింట్లు (ఎంత గాయాన్ని తట్టుకోగలడో చూపే అంకె), దేహదారుఢ్యం బాగుంటే మహా అయితే ఆరు. అతనే కథానాయకుడు కాబట్టి అతను పోతే ఆట ముగిసినట్టే. అందువల్ల అతన్ని ముందు నిలబెట్టకూడదు. రోడ్డు మీద కలిసే ఇమోయెన్‌ను, ఆ తర్వాత ఎదురయ్యే జార్, మోంటరాన్‌లను కాదనకుండా చేర్చుకోండి, చేతనైనవాళ్లందరికీ విల్లు గానీ వడిసెల గానీ ఇవ్వండి. ఈ ఆట తొలి భాగంలో దూరం నుంచి కొట్టే ఆయుధాలే బలమైనవి. నిద్ర మంత్రాన్ని కంఠస్థం చేయించండి. తక్కువ లెవెల్ శత్రువుల గుంపు మొత్తం ఒక్క మంత్రంతో నేల మీద పడిపోతుంది, పడిపోయినవాళ్ల మీద దెబ్బ తప్పదు.

సత్రం మెట్ల మీది హంతకుడు కూడా మాంత్రికుడే. మంత్రం చదువుతుండగా గాయపడితే ఎవరి మంత్రమైనా భంగమవుతుంది. అతను పలకరించడం ముగియగానే స్పేస్ బార్‌తో ఆటను ఆపి, అందరికీ ఒకేసారి బాణాలు వేయమని ఆజ్ఞ ఇవ్వండి. అదే సూత్రం ఆట చివరి దాకా మీకు ఉపయోగపడుతుంది.

రెండవ సమాధానం:

పై మిత్రులు చెప్పిన లెక్కలన్నీ సరైనవే, కానీ పాత ఆటలోని ప్రతి ఇబ్బందినీ నేర్చుకోవలసిన విద్యగా చూడడం నాకు సమ్మతం కాదు. ఇరుకు గుహల్లో ఆరుగురిని నడిపిస్తే ఒకరికొకరు అడ్డం పడి, దారి దొరకక వెనక్కి తిరిగి మరో వైపు వెళ్లిపోవడం అప్పటి సాంకేతిక పరిమితి మాత్రమే. దాన్ని ఓర్చుకోవాలి తప్ప అందులో లోతు వెతకనక్కర్లేదు. నేర్చుకోవలసినదాన్ని, ఓర్చుకోవలసినదాన్ని వేరు చేసి చూడగలిగితేనే ఈ ఆటల మీద ప్రేమ నిలుస్తుంది.

మీరు బాల్డర్స్ గేట్ 3లోని వంతులవారీ పోరాటానికి అలవాటు పడ్డారు గనుక, నా సలహా 1997 నాటి ఫాలౌట్ అనే ఆట. అందులో మీ వంతు వచ్చినప్పుడు నింపాదిగా ఆలోచించవచ్చు. గురి పెట్టినప్పుడు కంటికో, కాలికో తగిలే అవకాశం ఎంత శాతమో కూడా కనిపిస్తుంది. మీ పాత్ర నివాసమైన వాల్ట్ 13 అనే భూగర్భ ఆశ్రయానికి, నీటిని శుద్ధి చేసే యంత్రానికి కావలసిన చిప్ తేవడానికి 150 రోజుల గడువు ఉందని చూసి భయపడకండి. తొందరపడకుండా ఊళ్లన్నీ తిరిగినా ఆ సమయం సరిపోతుంది. పాత్రను తయారు చేసేటప్పుడు స్మాల్ గన్స్, స్పీచ్ నైపుణ్యాలను ట్యాగ్ చేసుకుని (అంటే ముఖ్య నైపుణ్యాలుగా ఎంచుకుని), చురుకుదనాన్ని, తెలివిని ఎక్కువగా పెట్టుకుంటే చాలా మలుపుల్లో తుపాకీతో గానీ మాటతో గానీ బయటపడతారు. తెలివి మరీ తగ్గిస్తే మీ పాత్రకు సరిగా మాట్లాడడమే రాదు, ఎదుటివాళ్లు కూడా దానికి తగ్గట్టే ప్రవర్తిస్తారు. ఒక అంకె కథను ఇంతగా మార్చిన ఆటలు ఈనాటికీ తక్కువే.

కథే ముఖ్యమనుకుంటే 1999 నాటి ప్లేన్‌స్కేప్: టార్మెంట్ ఉంది. పోరాటం అందులో బలహీనమైన భాగం, అది ఒప్పుకోవలసిందే. కానీ కథానాయకుడు మరణం లేనివాడు. చచ్చిపోయినా చాలాసార్లు మళ్లీ లేచి కూర్చుంటాడు కాబట్టి, మిమ్మల్ని బాధిస్తున్న ఆ పదే పదే చావు అక్కడ కథలోనే ఒక భాగమైపోతుంది. వివేకం, తెలివి, ఆకర్షణ అనే మూడింటి మీదే పాయింట్లు పెట్టి, తీరిగ్గా చదువుతూ ఆడండి.

మూడవ సమాధానం:

ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌లో స్టోరీ మోడ్ అనే స్థాయి ఉంది, దానిలో మీ బృందం చావదు. దాన్ని వాడుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆపదే లేకపోతే నియమాలు నేర్చుకునే అవసరం కూడా పోతుంది కాబట్టి, ముందు ఈజీ స్థాయిలో ప్రయత్నించండి. ఆట దానంతటదే ఆగే ఆటో-పాజ్ సెట్టింగులో, శత్రువు కనిపించినప్పుడు ఆగేలా పెట్టుకోవడం మాత్రం మరచిపోకండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. పాచిక ఫలితాలు చూపించేలా మార్చగానే విషయం చాలావరకు తేటతెల్లమైంది, సత్రంలోకి కూడా చేరుకున్నాను. ఒక్క సందేహం మిగిలింది. మాంత్రికుడితోనే కొనసాగనా, యోధుడితో మళ్లీ మొదలుపెట్టనా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:

కొనసాగించండి. సత్రం లోపలే ఖాలిద్, జహీరా ఉన్నారు, వాళ్లిద్దరూ ముందు వరుసలో నిలబడగలరు, జహీరాకు గాయాలు మాన్పే మంత్రాలు కూడా వచ్చు. జార్, మోంటరాన్‌లతో వాళ్లకు పొసగదు కనుక కొంతకాలానికి ఎవరో ఒకరిని వదులుకోవలసి రావచ్చు. కథలో తర్వాత వచ్చే నాష్కెల్ గనుల్లోకి వెంటనే దిగకుండా, సత్రం చుట్టుపక్కల, బెరెగోస్ట్ ఊళ్లో చిన్న చిన్న పనులు చేసి అందరూ రెండో లెవెల్‌కు వచ్చాక వెళ్లండి. గనుల్లోని కోబోల్డులు అనే చిన్న జీవులు బాణాలు వేస్తాయి, కాబట్టి మీ మాంత్రికుడిని ఖాలిద్‌కు బాగా వెనక నడిపించండి.