ముఖం ముడతలకు ఆక్యుపంక్చర్: 12 సిట్టింగులకు ఒప్పుకునే ముందు ఏం అడగాలి?

మల్లెతీగ:
నమస్కారం అండీ. వయసు 47. ముక్కు పక్కనుంచి పెదవి మూల దాకా రెండు గీతలు, కనుబొమల మధ్య ఒక నిలువు గీత, దవడ అంచున కొద్దిగా జారుడు. వారానికి రెండు చొప్పున 12 సిట్టింగుల కాస్మెటిక్ ఆక్యుపంక్చర్ చేయించుకోమంటున్నారు. ముఖానికైతే కాళ్లకూ చేతులకూ సూదులెందుకు? ఎంత సన్నం సూది వాడాలి? కమిలితే ఎన్నాళ్లుంటుంది? కనుబొమల మధ్య బొటాక్స్ (ముడత తగ్గడానికి కండరాన్ని సడలించే ఇంజెక్షన్) వేయించుకుని పది రోజులైంది, రోజూ ఆస్పిరిన్ 75 వేసుకోవడం ఉంది. ఈ రెండూ అడ్డమా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

సూదిమొన:
మల్లెతీగ గారూ, ముందు కాళ్ల సూదుల సంగతి చెప్తాను. చైనా వైద్యం లెక్కలో అసలు చికిత్స అక్కడే ఉంది. హువాంగ్డీ నేయ్‌జింగ్ అనే ప్రాచీన చైనా వైద్య గ్రంథం మొదటి అధ్యాయం స్త్రీ వయసును ఏడేళ్ల మెట్లుగా చూస్తుంది. 35 దగ్గర యాంగ్‌మింగ్ మార్గం (మార్గమంటే ఆ వైద్యం లెక్కలో ఒంట్లో ప్రాణశక్తి నడిచే దారి) బలం తగ్గి ముఖం వాడటం, జుట్టు రాలడం మొదలవుతాయనీ, 42కి మూడు యాంగ్ మార్గాలూ పైన సన్నగిల్లి ముఖమంతా వాడి జుట్టు నెరుస్తుందనీ అంటుంది. యాంగ్‌మింగ్ అంటే జీర్ణాశయం, పెద్దపేగు మార్గాలు. రెండూ ముఖం మీదుగా పోతాయి, మీరు చెప్పిన ముక్కు పక్క గీత వాటి దారిలోనే పడుతుంది. అందుకని మోకాలి కింద జూసాన్‌లీ, చీలమండ పైన సాన్‌యిన్‌జియావ్, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య హెగు అని సూది పెట్టే పాయింట్లు, వీటిని వదిలేసి ముఖం ఒక్కదానికే 40 సూదులు పెట్టేవాళ్లు చేసేది సగం పనే. అలా చేస్తే లేచాక తల దిమ్ముగా ఉండటం, నొప్పి రావడం కూడా కద్దు. కాళ్ల సూదులు ముందు పెట్టి చివర తీయాలి. గర్భిణులకు హెగు, సాన్‌యిన్‌జియావ్ సంప్రదాయంగానే నిషేధం.

ఇక సూది. చెంపకూ నుదుటికీ 0.16 నుంచి 0.20 మి.మీ. మందం, 15 మి.మీ. పొడవు. కంటి చుట్టూ 0.12 లేదా 0.14, పొడవు 7 మి.మీ. కాళ్లకు మామూలుగా 0.25. మీ కళ్లెదుట ప్యాకెట్ చించాలి, ఒక్కసారి వాడి పారేసేవి అయ్యుండాలి.

పెదవి గీతకు దిచాంగ్ అనే పాయింటు పెదవి మూలకు కాస్త పక్కన ఉంటుంది. అక్కణ్ణుంచి సూదిని దవడ మూలలోని జియాచె వైపు పడుకోబెట్టి, సుమారు 15 డిగ్రీల వాలుతో చర్మం అడుగునే పాకిస్తారు. ముక్కు రెక్క పక్కన యింగ్‌షియాంగ్, చెంప ఎముక కింది అంచున చ్వాన్‌లియావ్ దీనికి తోడు. సరైన పొరలో పడితే సూది వెన్నలో దిగినట్టు జారుతుంది, నొప్పి దాదాపు ఉండదు. చుర్రుమని మండి, సూది వెంట చర్మం తెల్లగా ఉబ్బి చిన్న గుంటలు పడితే మరీ పైపొరలో దూరిందని అర్థం. వెంటనే తీసి మళ్లీ పెట్టమనండి, ఓర్చుకుని పడుకోవద్దు. ఉంచే సమయం 20 నుంచి 30 నిమిషాలు. ముఖంలో సూదిని తిప్పకూడదు. తిప్పితే చర్మం పీచు దానికి చుట్టుకుంటుంది, లాగినప్పుడు సన్నని రక్తనాళాలు తెగుతాయి.

పసుపుకొమ్ము:
చర్మవైద్యం వైపునుంచి కొన్ని మాటలు. ముడతల మీద దీనికున్న ఆధారం పలచనిది. 2013లో కొరియాలో వచ్చిన అధ్యయనంలో 40 నుంచి 59 ఏళ్ల మహిళలు 28 మంది, మూడు వారాల్లో ఐదు సిట్టింగులు. ముఖం బిగువు కొంత మెరుగైందన్నారు కానీ పోల్చి చూడటానికి చికిత్స లేని గుంపు లేదు. అదే 2013లో ఆస్ట్రేలియాలో 900 మందికి పైగా వయోజనుల మీద వచ్చిన ఫలితం చూడండి: రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్లలో నాలుగున్నరేళ్లకు చర్మం ముదరడం 24 శాతం తక్కువ. సూదులు చేయించుకున్నా మానినా, సన్‌స్క్రీన్ మానకండి.

చర్మంలో రంగు, తడి, కాస్త ఉబ్బు తగ్గడం, పళ్లు కొరికే అలవాటుతో బిగిసిన దవడ కండరం సడలడం వరకు ఆశించవచ్చు. దవడ జారుడు వేరు. అక్కడ కొవ్వు కిందికి దిగుతుంది, ఎముక అరుగుతుంది. దాన్ని సూది ఎత్తదు. ఎత్తుతుందని చెప్పి డబ్బు తీసుకోవడం తప్పు.

బొటాక్స్ వేసిన చోట కనీసం రెండు వారాలు సూది పడకూడదు. దానికన్నా ముఖ్యం, బొటాక్స్ ప్రభావం మూడు నాలుగు నెలలుంటుంది. ఈలోగా కనుబొమల గీత తగ్గితే ఏది తగ్గించిందో ఎవరూ చెప్పలేరు. ఆ గీతను ఈ 12 సిట్టింగుల లెక్కలోంచి తీసేయండి. ఫిల్లర్ (గీతను నింపడానికి చర్మం కింద ఎక్కించే జెల్) వేసిన చోటనైతే సూదే వద్దు.

ఆస్పిరిన్ వల్ల కమలడం ఎక్కువవుతుంది. అయినా గుండె కోసం డాక్టర్ రాసిన మాత్రను ముడతల కోసం ఒక్క రోజు కూడా ఆపకండి. సూదుల సంఖ్య తగ్గించమని అడగండి. చేప నూనె, విటమిన్ ఈ మీరే కొనుక్కుని వేసుకుంటుంటే ఆ సంగతి ముందే చెప్పండి. మన చామనచాయ, నలుపు చర్మాలకు ఇంకో చిక్కుంది: కమిలిన చోట గోధుమ మచ్చ వారాల తరబడి ఉండిపోవచ్చు. కీలాయిడ్ గడ్డలు (గాయం మానిన చోట ఉబ్బెత్తుగా పెరిగే గట్టి మచ్చలు) వచ్చే శరీరమైతే ఈ ఆలోచనే మానుకోండి.

దూదిపింజ:
కమలడమన్నది చాలామటుకు తీసేటప్పటి తొందర వల్లే. ఎడమ చేతిలో పొడి దూది, కుడి చేత్తో సూదిని దిగిన వాలులోనే మెల్లగా వెనక్కి లాగాలి. మొన బయటికి రాగానే దూదితో అదిమి 30 నుంచి 60 వరకు లెక్కపెట్టాలి. రుద్దకూడదు. ఒకేసారి పది సూదులు చకచకా పీకి తర్వాత దూది అద్దే చోట నీలం మచ్చలు తప్పవు. కమిలితే మొదటి రోజు చల్లని గుడ్డ పది నిమిషాల చొప్పున, రెండో రోజు నుంచి గోరువెచ్చని కాపడం. నీలం, ఆకుపచ్చ, పసుపు రంగులు మారుతూ వారం పది రోజుల్లో పోతుంది. పెళ్లికో ఫంక్షన్‌కో రెండు వారాల లోపు సిట్టింగ్ పెట్టుకోవద్దు.

కంటి లోపలి మూలన జింగ్‌మింగ్ అనే పాయింటు ఉంది. అందం కోసం అక్కడ సూది వేయనివ్వకండి, కంటి గూట్లో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. ముక్కు చుట్టూ, పై పెదవి మీద చీము పొక్కులుంటే ఆ రోజు వాయిదా. అక్కడి సిరలకు మెదడు దాకా దారి ఉంటుంది. పెట్టిన సూదులు ఎన్ని, తీసినవి ఎన్ని అని ఇద్దరూ లెక్కపెట్టండి. జుట్టు అంచున ఒకటి మరిచిపోవడం ఎక్కువగా జరిగే పొరపాటు. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు, కుర్చీలో కూర్చోబెట్టి చేస్తామంటే ఒప్పుకోవద్దు. కళ్లు తిరిగి పడిపోయేది అలాగే.

మల్లెతీగ:
చాలా ఉపయోగపడింది, ముగ్గురికీ కృతజ్ఞతలు. కనుబొమల గీత, దవడ వదిలేసి పెదవి గీతలకే అడుగుతాను. మరి పనిచేస్తోందో లేదో ఎన్నో సిట్టింగ్‌కి తెలుస్తుంది?

సూదిమొన:
ఆరోదానికి, మల్లెతీగ గారూ. మొదటి రోజు సూదులకు ముందు ఒక ఫొటో: అదే కిటికీ, అదే గంట, ముఖాన ఏమీ రాసుకోకుండా, నవ్వకుండా. మళ్లీ ఆరో సిట్టింగ్‌కి ముందు తీయండి, సూదులు తీసిన వెంటనే కాదు. అప్పుడు ముఖం కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి గీతలు నిండినట్టు కనిపిస్తాయి, మర్నాటికి దిగిపోతాయి. రెండు ఫొటోల్లో తేడా ఇంట్లోవాళ్లకు కూడా కనబడకపోతే మిగతా ఆరింటికి డబ్బు కట్టకండి. అందుకే మొత్తం ముందే చెల్లించకుండా ఆరు, ఆరుగా మాట్లాడుకోండి.