కాపో ది పోంతె (వాల్ కామోనికా): శని, ఆదివారాల్లో ఏం చూడొచ్చు, ఏ గంటకు ఎక్కడ ఉండాలి?

మిలానో_మకాం అడిగిన ప్రశ్న:

మే మొదటి శని, ఆదివారాల్లో మిలాన్ నుంచి ఉత్తర ఇటలీలోని వాల్ కామోనికా లోయలో ఉన్న కాపో ది పోంతె ఊరికి వెళ్ళాలి. కారు లేదు, రైలే. నలుగురం. అమ్మకి 62 ఏళ్ళు, చదును నేల మీద ఎంత దూరమైనా నడుస్తుంది, మెట్లూ ఎత్తూ అయితే మోకాళ్ళు పట్టేస్తాయి. ఇద్దరు పూర్తి శాకాహారులు. రాతి చెక్కడాలు ముఖ్యం, కానీ రెండు రోజులూ అవే అంటే పిల్లలు ఊరుకోరు. ఆ చెక్కడాలున్న నాక్వానె పార్కుకి ఎంతసేపు పడుతుంది? ఇంకేం కలపొచ్చు? "వెళ్ళాం కానీ రాయి మీద ఏమీ కనబడలేదు" అని ఇద్దరు ముగ్గురు రాశారు, అదెందుకు?

రాతిబొమ్మ:

చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను. దాని జవాబు తెలిస్తే మీ రెండు రోజుల ప్లాను దానంతటదే కుదురుతుంది.

అక్కడి రాయి ఊదారంగు కలిసిన బూడిదరంగు ఇసుకరాయి. హిమానీనదం రాసుకుంటూ పోయి దాన్ని అద్దంలా నున్నగా చేసింది. దాని మీద గట్టి రాతిమొనతో చుక్క పక్కన చుక్క కొట్టి బొమ్మలు తీశారు. లోతు చాలావరకు కొద్ది మిల్లీమీటర్లే. కొట్టిన కొత్తలో తెల్లగా మెరిసి ఉంటాయి, ఇన్ని వేల ఏళ్ళ వాననీటికి బొమ్మా రాయీ ఒకే రంగుకి వచ్చేశాయి. ఇప్పుడు కంటికి అందేది రంగు కాదు, ఆ గుంటల్లో పడే నీడ. ఎండ ఏటవాలుగా రాయిని రాసుకుంటూ పోతే జింక కొమ్ములు కూడా లెక్కపెట్టొచ్చు. మిట్టమధ్యాహ్నం నీడ ఉండదు కాబట్టి బొమ్మా ఉండదు. ఆ ఇద్దరు ముగ్గురు పన్నెండింటికి వెళ్ళి ఉంటారు.

నాక్వానె లోయకి తూర్పు పక్క, పడమరకి వాలిన కొండ మీద ఉంది. పొద్దున కొండ మీదుగా వచ్చే ఎండ ఆ వాలు రాళ్ళని రాసుకుంటూ దిగుతుంది, అదే మంచి వేళ. సెరదీనా-బెదోలీనా అనే ఇంకో చెక్కడాల పార్కు నదికి ఎదుటి ఒడ్డున, తూర్పుకి తిరిగిన వాలు మీద ఉంది. అక్కడికి సాయంత్రం వెళ్ళాలి. ఒక్కో రాయి వాలు ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఇది గీత గీసినట్టు కుదరదు, కానీ తలకిందులుగా పెట్టుకుంటే మాత్రం రెండూ పోతాయి. మబ్బు రోజున గైడ్ ఉంటే నయం, ఏ గీత ఎక్కడ మొదలవుతుందో వేలితో చూపిస్తారు. పగటి వెలుగులో ఫోన్ టార్చి ఎందుకూ పనికిరాదు.

నాక్వానెలో చెక్కిన రాళ్ళు 104. అన్నీ చూడాలనుకోకండి. 1, 35, 50, 70 నంబర్లు చాలు, మధ్యలో ఎదురైనవి లాభం. పెద్దరాయి అనే 1వ నంబరు మీద దాదాపు వెయ్యి బొమ్మలున్నాయి, దాని దగ్గరే అరగంట నిలబడండి. మగ్గాలు వెతకండి. మన గుంటమగ్గంలా పడుకోబెట్టినవి కావు, నిలువు మగ్గాలు. పైన అడ్డకర్ర, దాన్నుంచి కిందికి పడుగు దారాలు, దారాలు బిగువుగా ఉండటానికి చివర వేలాడే బరువులు. ఆ బరువుల్ని కూడా చుక్కలుగా కొట్టారు. నేత తెలిసిన మనిషి పక్కన ఉంటే ఆ రాయి ఇంకోలా కనిపిస్తుంది. 35 మీద 'పరుగెత్తే పూజారి' అని పేరుపడ్డ బొమ్మ, 50 మీద ఈ లోయలో ఒకప్పుడు బతికిన కామూనీల లిపిలో రాతలు, 70 మీద జింక కొమ్ములున్న దేవుడు. ఆయన్ని కెర్నున్నోస్ అంటారు. ఈ బొమ్మలన్నిటికీ ఊరివాళ్ళ మాట 'పితోతి', అంటే బొమ్మలు అనే.

లోయ మొత్తం మీద గుర్తించిన బొమ్మలు 1,40,000 పైమాటే. 1979లో యునెస్కో జాబితాలోకి ఇటలీ నుంచి మొట్టమొదట ఎక్కింది ఇదే. రోమ్ నగరం కూడా తర్వాతే!

సమయం మూడు గంటలు వేసుకోండి. దారి చెస్ట్‌నట్, బిర్చ్ చెట్ల మధ్య మట్టిబాట, కొన్నిచోట్ల చెక్క నడకదారులు. వాన పడితే వేర్లూ రాళ్ళూ జారతాయి, అరికాలు పట్టున్న బూట్లు కావాలి. గీతలు తేలాలని రాయి మీద నీళ్ళు పోయడం, సుద్ద రుద్దడం, కాగితం పెట్టి పెన్సిల్‌తో అచ్చు తీయడం ఏదీ చేయకండి. తాడు దాటి రాయి మీద కాలు పెడితే అరికాలి ఇసుకే ఆకురాయిలా గీస్తుంది.

పట్టాల_పక్క:

పైన చెప్పిన వెలుగు లెక్కకి నాదీ అదే మాట. ఒక్క చిక్కుంది: శనివారం పొద్దున మిలాన్‌లో బయల్దేరితే నాక్వానెకి పొద్దుటి ఎండ అందదు. మిలాన్ నుంచి బ్రేషాకి రీజనల్ రైల్లో గంట దాటుతుంది, బ్రేషాలో ఎదోలో వైపు రైలు మారాలి, అక్కణ్ణుంచి దాదాపు రెండు గంటలు. సింగిల్ లైను, ఎదురు రైలు కోసం స్టేషన్లలో ఆగుతుంది. ఆలస్యమైతే బ్రేషాలో కనెక్షన్ పోతుంది, కనీసం ఇరవై నిమిషాల తేడా ఉంచుకోండి. ఈ లైన్లో పనులు జరిగే రోజుల్లో కొంత దూరం రైలు బదులు బస్సు వేస్తారు, ముందురోజు రాత్రి ఈ రైళ్ళు నడిపే ట్రెనోర్డ్ యాప్ చూసుకోండి. పేపర్ టికెట్ అయితే ఎక్కే ముందు మెషీన్లో స్టాంపు వేయించాలి. వెళ్ళేటప్పుడు ఎడమ పక్క కూర్చోండి, ఇజెయో సరస్సు అటే.

కాబట్టి శనివారం మధ్యాహ్నం దిగి మొదట మ్యూప్రె, అంటే ఊరి మధ్యలోని ప్రాగైతిహాసిక మ్యూజియం. 2014లో తెరిచారు. రాగియుగపు నిలువురాళ్ళు అందులో ఉన్నాయి, లోపలి దీపాలకు గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. కన్ను అక్కడ అలవాటు పడితే మర్నాడు కొండ మీద తడుముకోనక్కర్లేదు. తర్వాత నది దాటి చెమ్మో. 1909లో లోకానికి మొదట తెలిసిన రెండు బండలు అక్కడివే. కొండ మీంచి దొర్లిపడ్డ ఆ బండల మీద బాకులు, బారులు తీరిన జంతువులు ఉంటాయి. అమ్మగారికి ఇది తేలిక.

సాయంత్రం బెదోలీనా. కింద సెరదీనా నుంచి ఎక్కితే ఏటవాలు గట్టిగానే ఉంటుంది. పెస్కార్జో వెళ్ళే రోడ్డు మీదుగా వస్తే ఎక్కుడు తక్కువ. అక్కడి 'పటం' రాయి మీద చుక్కలు నింపిన చతురస్రాలు, వాటిని కలుపుతూ మెలికలు తిరిగిన గీతలు. పొలాలూ దారులూ అంటారు కొందరు, కాదంటారు మరికొందరు. ఎవరి మాట నిజమైనా, అక్కడ నిలబడి కిందికి చూస్తే లోయలో పొలాలు కనిపిస్తాయి, మనసు మొదటివాళ్ళ వైపే మొగ్గుతుంది.

చెమ్మో దగ్గరే సాన్ సీరో గుడి, ఓల్యో నది మీదికి పొడుచుకొచ్చిన బండ కొస మీద రోమనెస్క్ అనే మధ్యయుగపు శైలిలో కట్టిన చర్చి. పడమర పక్క చోటులేక ద్వారం దక్షిణపు గోడకి పెట్టారు. ద్వారం చుట్టూ జంతువుల చెక్కడం, లోపల బోసి రాతిగోడలు. మెట్లున్నాయి. తాళం వేసి ఉండే రోజులూ ఉన్నాయి, ఊళ్ళోని సమాచార కేంద్రంలో ముందే అడగండి.

ఆదివారం పొద్దున నాక్వానె. స్టేషన్ నుంచి నడిస్తే అంతా ఎక్కుడే, అరగంట వేసుకోండి. అమ్మగారిని వీలైనంత పైదాకా టాక్సీలో దింపడం మంచిది, కానీ పల్లెటూరి టాక్సీ చెయ్యెత్తితే ఆగేది కాదు, బస చేసే చోట శనివారమే చెప్పి పెట్టించుకోండి. ఇంకో మాట: ఇటలీలో ప్రభుత్వ మ్యూజియాలకు నెలలో మొదటి ఆదివారం టికెట్ ఉండదు. నాక్వానె ప్రభుత్వానిదే, మీ తేదీ సరిగ్గా అక్కడ పడింది.

మిలానో_మకాం:

ఎడమ పక్క సీటు సంగతి రాసిపెట్టుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం తిరుగు రైలు ఎక్కేలోపు ఒక్కటే కుదురుతుంది. చెర్వేనోనా, బియెన్నోనా, చివిదాతెనా?

కొలిమి_కబుర్లు:

చెర్వేనో తీసేయండి, అమ్మగారి కోసమే. క్రీస్తు శిలువ యాత్రని మనిషెత్తు బొమ్మలతో చూపించే పద్నాలుగు గదులు, 18వ శతాబ్దపు పని, బెనియమీనో సిమోని చేసినవే ఎక్కువ. ఆ ముఖాలు దేవదూతల్లా ఉండవు, సంతలో మనుషుల్లా ఉంటాయి. కానీ గదులన్నీ పొడవాటి మెట్ల దారికి అటూ ఇటూ ఉన్నాయి. పైగా స్టేషన్ లోయ అడుగున, ఊరు వాలు మీద.

పిల్లలకైతే బియెన్నో. అక్కడి కొలిమి మ్యూజియంలో నీటితో నడిచే సమ్మెట చూడాలి. కాలవ నీళ్ళు చక్రాన్ని తిప్పుతాయి, చక్రం ఇరుసుకున్న పళ్ళు పెద్ద దూలం తోకని కిందికి నొక్కుతాయి, తల పైకి లేస్తుంది. పన్ను జారగానే సమ్మెట దబ్బున పడుతుంది. నీళ్ళు ఎక్కువ వదిలితే దెబ్బలు త్వరత్వరగా పడతాయి. కొలిమికి గాలి కూడా నీళ్ళదే, తిత్తి లేదు. నిలువు గొట్టంలో పడే నీళ్ళు గాలిని లాక్కుని దిగుతాయి, కింద పెట్టెలో నీళ్ళు ఒక దారి, గాలి ఇంకో దారి పడతాయి. ఆ గాలే నిప్పుల్లోకి. సమ్మెట ఆడించే వేళలు అడిగి వెళ్ళండి, ఆగి ఉన్న సమ్మెటని చూస్తే పిల్లలకి అది ఒట్టి దూలం. చిక్కల్లా బస్సు. బియెన్నోకి రైలు లేదు, బ్రేనో వైపు దిగి బస్సెక్కాలి, ఆదివారం బస్సులు పలచన.

కాబట్టి కారు లేకుండా ఆదివారం అంటే నా ఓటు చివిదాతె కామూనోకి. మీ తిరుగు రైలు దారిలోనే స్టేషన్, పేరు చివిదాతె-మలెన్యో. రోమన్లు ఈ లోయని క్రీ.పూ. 16లో లొంగదీసుకున్నాక కట్టిన పట్నం. థియేటరూ యాంఫీథియేటరూ పక్కపక్కనే ఉన్నాయి, కొండ వాలునే మెట్లకి ఆనుగా వాడుకున్నారు. మ్యూజియంలో మినర్వా పాలరాతి విగ్రహం ఉంది, దొరికింది బ్రేనోలో నది ఒడ్డున స్పినెరా గుళ్ళో, 1986లో. మ్యూజియం వేళలు చూసుకుని రైలు ఎంచుకోండి. సామాన్లు పెట్టడానికి స్టేషన్‌లో చోటు దొరుకుతుందని లెక్కేసుకోకండి, వీపు సంచులే తెచ్చుకోండి.

పోలెంతా_పప్పు:

తిండి గురించి ఎవరూ రాయలేదు. ఇక్కడి కాసొన్చెల్లి అనే కూరిన పాస్తా లోపల సాధారణంగా మాంసం ఉంటుంది, చూడటానికి ఒట్టి పాస్తాలా ఉంటుంది కానీ మోసపోవద్దు. "సెన్సా కార్నె" అంటే మాంసం లేకుండా. అలా అడిగినా పైన పందిమాంసం ముక్కలు చల్లే అలవాటుంది, "సెన్సా పాన్చెత్తా" అని అదీ చెప్పండి. పోలెంతా అంటే మన మొక్కజొన్న సంకటే, ఏ కూరతో వస్తుందో అడగండి. సిల్తెర్ అనే ఇక్కడి చీజ్ తోడుకి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. పూర్తి శాకాహారులంటే అది కూడా లెక్కలోకి వచ్చేవాళ్ళయితే వద్దు. ఆదివారం మధ్యాహ్నం రెండు దాటాక వంటగదులు మూసేస్తారు. నాక్వానె నుంచి ఒంటిగంటకల్లా దిగకపోతే బ్రెడ్డూ పండ్లే గతి, అవీ శనివారమే కొనిపెట్టుకోండి.

రాతిబొమ్మ:

ఒంటిగంటకి దిగాలంటే పార్కు తెరిచే వేళకే గేటు దగ్గర ఉండాలి. 1వ రాయి ముందు, 70 చివర పెట్టుకోండి. టైము తగ్గితే 35 వదిలేయండి, 50 వదలొద్దు.